ఓపెన్ యాక్సెస్ ప్రచురణల వినియోగ గణన

చందా, రుసుము, లాగిన్ ఏవీ లేకుండా ఎవరైనా చదువుకోగల పరిశోధన వ్యాసాలను, పుస్తకాలను, సిద్ధాంత గ్రంథాలను ఎన్నిసార్లు తెరిచారు, ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారు, ఎక్కడి నుంచి వచ్చి చూశారు అని లెక్కగట్టే పద్ధతులను వినియోగ గణన అంటారు. ఒక వ్యాసాన్ని ఇంకో వ్యాసం ఉదహరించిందా అని చూసే సైటేషన్ల లెక్క దీనికంటే పాతది. అందులో రాసేవాళ్లు మాత్రమే లెక్కలోకి వస్తారు. చదివి తన పనిలో వాడుకుని ఊరుకునే డాక్టరు, వ్యవసాయాధికారి, డిగ్రీ విద్యార్థి, విలేకరి అందులో కనిపించరు. వాళ్ల జాడ ఏ కొంచెమైనా దొరికేది వినియోగ గణనలోనే.

నేపథ్యం

ఈ లెక్క చందా పత్రికల దగ్గర, డబ్బు ప్రశ్నతో మొదలైంది. పత్రికకు కట్టిన చందాను దాన్ని తెరిచిన సంఖ్యతో భాగిస్తే ఒక్కో వాడకానికి ఎంత పడిందో తెలుస్తుంది. వచ్చే ఏడాది చందా కొనసాగించాలా వద్దా అన్నది గ్రంథాలయం దాన్నిబట్టి చూసుకునేది. ప్రచురణ సంస్థలు మాత్రం తలా ఒక తీరున లెక్క చెప్పేవి. దాన్ని ఒక దారికి తేవడానికి గ్రంథాలయాలు, ప్రచురణకర్తలు కలిసి 2002లో ‘కౌంటర్’ అనే సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. దాని నియమావళి ఐదో రూపం 2019 జనవరిలోనూ, 5.1 రూపం 2025 జనవరిలోనూ అమల్లోకి వచ్చాయి.

ఓపెన్ యాక్సెస్ అన్న పేరును స్థిరపరచిన బుడాపెస్ట్ ప్రకటన కూడా 2002లోనే వెలువడింది. వినియోగ గణన, ఓపెన్ యాక్సెస్ అనే ఈ రెండు దారులూ కలవడానికి చాలా ఏళ్లు పట్టింది. చందాదారే లేని చోట నివేదిక ఎవరికి పంపాలి? కౌంటర్ పద్ధతిలో దీనికి దొరికిన జవాబు, మొత్తం వాడకాన్ని ‘ప్రపంచం’ పేరిట ఒకే ఖాతాలో చూపించడం. ఆ లెక్క ఇప్పుడు గ్రంథాలయాలతో పాటు పరిశోధనకు నిధులిచ్చిన సంస్థలకూ, ప్రచురణ రుసుము కట్టిన విశ్వవిద్యాలయాలకూ, రచయితలకూ కావాలి.

లెక్కించే తీరు

ఎవరైనా ఒక పీడీఎఫ్ తెరిస్తే సర్వరు లాగ్‌లో ఒక వరుస చేరుతుంది. సమయం, ఐపీ చిరునామా, బ్రౌజరు పేరు, ఫైలు పేరు అందులో ఉంటాయి. ఆ వరుసలన్నీ కూడితే వచ్చేది వినియోగం కాదు, దానికి వడపోత కావాలి. ఉదాహరణకు ఒక పాఠకుడు ఒకే వ్యాసాన్ని 10:15:02కి, 10:15:20కి, 10:15:45కి నొక్కాడనుకుందాం. కౌంటర్ నియమాల ప్రకారం, ఒక నొక్కుకూ తర్వాతి నొక్కుకూ మధ్య 30 సెకన్లు దాటలేదు కాబట్టి మూడూ కలిసి ఒక్కటే. అతనే 10:40కి మళ్లీ తెరిస్తే మొత్తం వినతులు (పూర్తి పాఠం తెరిచిన సార్లు) 2, విశిష్ట వినతి (ఒకే సెషన్‌లో, అంటే ఒకే సందర్శనలో, ఎన్నిసార్లు తెరిచినా ఒకటే) 1 అవుతుంది. ఆ రెండోసారి 10:40కి కాక 11:05కి అయితే విశిష్ట వినతులూ 2 అవుతాయి. సైటు సెషన్ గుర్తింపు వాడకపోతే గంట మారగానే కొత్త సెషన్ కింద లెక్క వేయాలి మరి! సారాంశం మాత్రమే చూసి వెళ్లిపోతే అది పరిశీలన కిందికి వస్తుంది. పూర్తి పాఠం తెరిస్తే పరిశీలన, వినతి రెండింటిలోనూ చేరుతుంది.

లాగిన్ లేని సైటులో పాఠకుణ్ణి గుర్తుపట్టడానికి చాలాసార్లు మిగిలేవి ఐపీ చిరునామా, బ్రౌజరు పేరే. కాలేజీ ల్యాబులో 40 మంది ఒకే ప్రాక్సీ వెనక, ఒకే రకం బ్రౌజరులో, ఒకే గంటలో ఒకే వ్యాసం తెరిస్తే విశిష్ట వినతి 1 అని పడే అవకాశం ఉంది. వాళ్ల నొక్కులు 30 సెకన్ల లోపు ఒకదానివెంట ఒకటి పడితే మొత్తం వినతులూ తగ్గిపోతాయి. నెట్ కనెక్షన్ పంచుకుని వాడే ప్రాంతాల వాడకం ఇలా తక్కువగా కనిపిస్తుంది. ఓపెన్ యాక్సెస్ ఎవరికోసం మొదలైందో వాళ్లే లెక్కలో నష్టపోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోపమని చెప్పాలి.

ఎక్కువ చూపించే తప్పు బాట్ల వల్ల, అంటే తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాముల వల్ల వస్తుంది. సెర్చ్ ఇంజన్ల బాట్లను గుర్తించి తీసేయడానికి కౌంటర్ ఒక జాబితా నిర్వహిస్తుంది. ఇటీవల కృత్రిమ మేధ నమూనాల కోసం పాఠం పోగుచేసే బాట్లు మామూలు బ్రౌజరు పేరుతో వస్తున్నందున ఏరివేత కష్టమైంది. లాగ్‌ల జోలికి పోకుండా గూగుల్ అనలిటిక్స్ పెట్టుకుంటే సమస్య తిరగబడుతుంది. అది వెబ్ పేజీలోని కోడు నడిస్తేనే లెక్కిస్తుంది, సెర్చ్ ఫలితం నుంచి నేరుగా పీడీఎఫ్‌కు వెళ్లినవాళ్లు దానికి కనబడరు. రిపాజిటరీల (పరిశోధన ప్రతులను భద్రపరచి అందించే ఆన్‌లైన్ భాండాగారాల) లెక్కల్లో ఈ లోటు ఎంత పెద్దదో మోంటానా స్టేట్ యూనివర్సిటీ గ్రంథాలయ బృందం 2016లో చూపించింది.

చెదిరిన ప్రతులు

ఓపెన్ లైసెన్సు ఉన్న వ్యాసాన్ని ఎవరైనా తమ సైటులో పెట్టుకోవచ్చు. అందుకే ఒకే వ్యాసం ప్రచురణకర్త దగ్గర, పబ్‌మెడ్ సెంట్రల్‌లో, విశ్వవిద్యాలయ రిపాజిటరీలో, పాల్ గిన్‌స్పార్గ్ 1991లో ప్రారంభించిన ఆర్కైవ్ లాంటి ప్రీప్రింట్ సర్వర్లలో ఉండవచ్చు. ఏ ఒక్కరి అంకే పూర్తి అంకె కాదు. బ్రిటన్‌లో జిస్క్ సంస్థ 2012 నుంచి నడుపుతున్న ఐరస్ సేవ, వేర్వేరు రిపాజిటరీల వాడకాన్ని ఒకే నియమంతో వడగట్టి పక్కపక్కన పెడుతుంది.

మన దేశంలో సిద్ధాంత గ్రంథాల భాండాగారమైన శోధ్‌గంగ మరో చిక్కును చూపిస్తుంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు అందరికీ అందుబాటులో ఉంచాలని యూజీసీ 2009లో నిబంధన తెచ్చింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఈ భాండాగారాన్ని నిర్వహిస్తోంది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల గ్రంథాలు, తెలుగులో రాసినవి సహా, ఇందులో ఉన్నాయి. ఒక్కో గ్రంథం శీర్షిక పుట, ధ్రువపత్రం, విషయసూచిక, అధ్యాయాలుగా విడివిడి పీడీఎఫ్‌లలో ఉంటుంది. ఒకే పాఠకుడు ఒక గ్రంథాన్ని ఆసాంతం చదవాలంటే పదికి పైగా ఫైళ్లు తెరవాల్సి రావచ్చు. ఫైళ్లను లెక్కిస్తే అది పదిమంది చదివినట్టు కనిపిస్తుంది, ఒకే పీడీఎఫ్‌గా ఉన్న గ్రంథం వెనకబడుతుంది. పుస్తకాల్లో ఇదే తేడా వస్తున్నందునే కౌంటర్ ఐదో నియమావళిలో, ఎన్ని అధ్యాయాలు తెరిచినా సెషన్‌కు ఒకటిగా లెక్కించే విశిష్ట గ్రంథ వినతి అన్న కొలత చేర్చారు.

అధ్యయనాలు, దుర్వినియోగం

వ్యాసాన్ని తెరిచి ఉంచితే వాడకం పెరుగుతుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబిచ్చిన ప్రయోగం ఫిలిప్ డేవిస్ బృందానిది. అది 2008లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చింది. అమెరికన్ ఫిజియలాజికల్ సొసైటీ పత్రికల్లోని 1,619 వ్యాసాల్లో 247ను లాటరీ పద్ధతిన ఎంచి ఉచితం చేశారు. మొదటి ఆరు నెలల్లో మిగతావాటికంటే వాటి పూర్తి పాఠం డౌన్‌లోడ్లు 89 శాతం, పీడీఎఫ్ డౌన్‌లోడ్లు 42 శాతం ఎక్కువ. వేర్వేరు సందర్శకుల సంఖ్య మాత్రం 23 శాతమే పెరిగింది. మొదటి ఏడాదిలో సైటేషన్లు పెరగలేదు. ఒకే వాడకానికి మూడు కొలతలు మూడు అంకెలివ్వడం ఇక్కడ గమనించాలి.

అంకెకు విలువ వచ్చిన చోట దాన్ని పెంచుకునేవాళ్లూ వస్తారు. ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్ ప్రీప్రింట్ సైటులో రచయితలు తమ వ్యాసాలను తామే పదేపదే డౌన్‌లోడ్ చేసుకున్న తీరుపై బెంజమిన్ ఎడెల్మన్, ఇయన్ లార్కిన్ పరిశోధన చేశారు. తోటివారితో పోటీ అందులో ముఖ్య కారణంగా తేలింది. డౌన్‌లోడ్ సంఖ్య ఫైలు తెరిచారని చెబుతుందే తప్ప చదివారని చెప్పదు. ఏ సైటు, ఏ కాలం, ఏ వడపోత అన్న మూడు వివరాలూ పక్కన లేని అంకెను పదోన్నతి దరఖాస్తులో చూసినా, పత్రిక ప్రకటనలో చూసినా లెక్కలోకి తీసుకోవద్దు.