మా మన్ను చేరిన దీవి

తాండూరుకీ సముద్రానికీ చుట్టరికం ఏమిటని ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వేదాన్నే. కందిపప్పు, నాపరాళ్లు, రైలు స్టేషను... మా ఊరి గొప్పలు ఇవే కదా! కానీ ప్రతి వానాకాలం మా అత్తమ్మది ఒకటే గొణుగుడు. కాగ్నా నది దగ్గర ఆమెకి రెండెకరాల కంది చేనుంది. "ఎంత గట్టు పోసినా మన్నంత కొట్కపోవట్టె. యాడికి పోతదే ఈ మన్ను?" అంటుంది.

ఓసారి విసుగొచ్చి, "సముద్రంలోకి అత్తమ్మా" అన్నాను.

"నేనెప్పుడన్న సూసిన్నా సముద్రం? సూపియ్యి మరి" అంది.

డెబ్బై దాటిన మనిషి అడక్క అడిగిన కోరిక. మావారు పూరీ అన్నారు, రామేశ్వరం అన్నారు. అత్తమ్మ మాత్రం "నా మన్ను పోయిన కాడికే పోదాం" అని పట్టుబట్టింది. అంచేత ఓ మాఘ పౌర్ణమికి హంసలదీవి బయలుదేరాం.

బయలుదేరే ముందు వికారాబాద్‌లో దిగి, అనంతగిరి మీద పద్మనాభస్వామికి దండం పెట్టుకున్నాం. ఈ గుట్టల తమాషా మీరెప్పుడైనా గమనించారా? ఒక పక్క నీళ్లు మూసీ అయి తూర్పుకి వెళ్తాయి. మరో పక్క నీళ్లు కాగ్నా అయి తాండూరు మీదుగా పడమటికి పోయి భీమానదిలో కలుస్తాయి. భీమ కృష్ణలో కలుస్తుంది. మూసీ హైదరాబాదంతా చుట్టి వాడపల్లి దగ్గర అదే కృష్ణలో కలుస్తుంది. పుట్టింట్లో విడిపోయిన అక్కాచెల్లెళ్లు అత్తవారింట్లో కలుసుకున్నట్టు!

మూసీకి ముచుకుంద నది అని పాత పేరు. కాలయవనుడు తరిమితే శ్రీకృష్ణుడు ఈ కొండ గుహలోకే వచ్చాడనీ, అక్కడ నిద్రపోతున్న ముచుకుందుడి చూపుకి ఆ కాలయవనుడు భస్మమయ్యాడనీ స్థలపురాణం. శత్రువుల బాధ పడలేక సముద్రం మధ్య ద్వారక కట్టుకున్న కృష్ణుడికీ, మా గుట్టకీ అలా ఓ ముడి పడింది.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై, మధ్యలో దివిసీమని ఒళ్లో పెట్టుకుంటుంది. అవనిగడ్డ, కోడూరు దాటి సముద్రం వైపు పోతే హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి ఉంది. లోకుల పాపాలు కడిగీ కడిగీ నల్లబడిన గంగమ్మ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ మునగ్గానే తెల్లని హంస అయిందట. పౌర్ణమి నాడు జనం ఇసకేస్తే రాలరు.

పుణ్యం సంగతి అలా ఉంచి చరిత్రకి వస్తే, ఈ ప్రాంతంలోనే ఘంటసాల ఉంది. ఆ పేరు వినగానే నాకు పాటలే గుర్తొచ్చేవి. కానీ క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళవేత్త 'కొంటకొస్సిల' అని రాసిన రేవు ఇదేనంటారు పండితులు. ప్రాకృత శాసనాల్లో దాని పేరు కంటకసేల. ఇక్కడి నుంచి ఇంకాస్త ఉత్తరంగా, సువర్ణభూమికి ఓడలు తీరం వదిలే చోటొకటి ఉందని కూడా ఆయన రాశాడు. అంతకు ముందు ఇంకో గ్రీకు నావికుడు ఈ సీమలో సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని రాసుకున్నాడు. శాతవాహనులు రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో నాణాలు వేయించారు. ఘంటసాల శాసనం ఒకదానిలో 'మహానావిక శివకుడు' అన్న పేరుంది. రాజు కాదు, మంత్రి కాదు, ఓడ నడిపినవాడు! మనం రాజుల పేర్లు బట్టీపట్టాం గానీ ఈ శివకుణ్ణి ఏ తరగతిలో చదువుకున్నాం చెప్పండి?

మరి ఆ రేవు ఏమైంది? ఇప్పుడు ఘంటసాల నుంచి సముద్రం కనిపించదు, మైళ్ల దూరం జరిగిపోయింది. నది తెచ్చిన ఒండ్రు ఏటేటా పేరుకుని కడలిని వెనక్కి నెట్టింది. మన్నే రేవుని మింగింది, మన్నే దీవిని పెంచింది.

ఆ దీవి మీద సముద్రానికి కోపమొచ్చిన రోజూ ఉంది. 1977 నవంబరు 19. గుడి దగ్గర కొబ్బరికాయలమ్మే ఆవిడ, "తాటిచెట్టంత కెరటమమ్మా. చెట్టు పట్టుకున్నదాన్ని నేనే మిగిలాను" అంది. మాటలో ఏడుపు లేదు. ఆ ఉప్పెనలో పోయినవారు పదివేలకి తక్కువ కాదు. అత్తమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊరకే కూచుంది.

తర్వాత సంగమం దగ్గరికి వెళ్లాం. ఏటి నీళ్లకి ఓ రంగు, కడలికి మరో రంగు. అత్తమ్మ మునగలేదు. వంగి గుప్పెడు బురద తీసి, వేళ్ల మధ్య నలిపి చూసింది.

"మనదేనా ఏంది?"

"కొంత మనదే."

"ఇప్పుడు గూడ వస్తున్నదా?"

అక్కడ నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టల వెనక మన్ను పేరుకుపోతోంది. కడలికి చేరే ఒండ్రు బాగా తగ్గింది. కొత్త మన్ను రాక, డెల్టా అంచుల్ని కెరటాలు అక్కడక్కడ కోసేస్తున్నాయి. కాలవల నీళ్లతోనే మనం అన్నం తింటున్నాం కనక ఆనకట్టల్ని తిట్టడానికీ నోరు రాదు. ఇదంతా నాకొచ్చిన మాటల్లో చెప్పాను.

అత్తమ్మ కాసేపు ఆలోచించింది. "అంటే అటు నాకు లేక, ఇటు వీళ్లకు లేక, నడిమిట్ల ఆగిందన్నట్టు" అంది.

ఇంటికొచ్చాక నాపరాళ్లు తుడుస్తూ ఓ సంగతి చెప్పాను. ఈ సున్నపురాయి కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగున పేరుకున్న ఒండ్రేనట. "గట్లనా! మరి నన్నంత దూరం ఎందుకు తిప్పినవే?" అని నవ్వింది.

ఈ వానాకాలం కూడా అత్తమ్మ గొణిగింది. కాకపోతే మాట మారింది. "పోతే పాయె గని, దీవిదాంక పోతే మంచిగుండు."