తేలికపాటి గుర్తులు, తెలుగు పాఠం: ‘క.’ నుంచి మార్క్‌డౌన్ దాకా

వ్యాససంగ్రహం:
కంప్యూటరులో సాదా పాఠానికి కొద్దిపాటి చిహ్నాలు చేర్చి శీర్షిక, పద్యం, లంకె వంటి అంగాలను సూచించే పద్ధతిని తేలికపాటి మార్కప్ అంటారు. వికీ గుర్తులు, మార్క్‌డౌన్ ఇందుకు ఉదాహరణలు. తెలుగు అచ్చు పుస్తకంలో ఇటువంటి పద్ధతి ముందునుంచే ఉందనీ, డీటీపీ కాలంలో అది ఫైలులో మరుగున పడిందనీ, వికీ ద్వారా తిరిగి వచ్చిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు విభక్తులు, పద్యపాదాలు ఈ గుర్తులకు ఎక్కడ లొంగవో కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సాదా పాఠం, మార్కప్, డీటీపీ, యూనికోడ్, వికీ, మార్క్‌డౌన్, ఔపవిభక్తికం, ఛందస్సు.

1. ప్రవేశిక

హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల వీధులు సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థల బోర్డులకు పేరుపడ్డాయి. ఆ బోర్డుల నీడనే జిరాక్సు, డీటీపీ దుకాణాలు బతుకుతున్నాయి. పంజాగుట్ట కూడలి వైపు నడిచినా ఇదే దృశ్యం కనిపిస్తుంది. రెండు చోట్లా జరిగేది మీటలు నొక్కి అక్షరాలు కొట్టడమే. కాని పాఠం అంటే ఏమిటన్న విషయంలో ఈ రెండింటి అవగాహన పూర్తిగా వేరు.

శిక్షణ గదిలో విద్యార్థి నోట్‌ప్యాడ్ తెరిచి, ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని గుర్తులు పెడుతూ హెచ్‌టీఎంఎల్ నేర్చుకుంటాడు. అది తెరమీద ఎలా కనిపించాలన్నది తరవాతి పాఠం. కింది అంతస్తులోని డీటీపీ దుకాణంలో శీర్షిక అంటే పద్దెనిమిది పాయింట్ల బొద్దు అక్షరాల వరుస, అంతకు మించి ఏమీ కాదు. పరిశోధక విద్యార్థి చేతిరాత ప్రతి చేరేది రెండో చోటికి. తెలుగు సిద్ధాంతగ్రంథాల కంప్యూటరు రూపం ఎలా ఉండాలో చాలాకాలం నిర్ణయించింది ఆ దుకాణపు అలవాటే. ఈ తేడాను సాంకేతిక వివరంగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

2. అచ్చు పుస్తకంలోని గుర్తు

తెలుగు కావ్యాన్ని అచ్చులో చూసినవారందరికీ పద్యం ముందుండే పొడి అక్షరాలు పరిచితమే. క., ఉ., చ., శా., మ., సీ., తే.గీ., ఆ.వె., వ. అని ఉంటాయి. పాఠకుడు వీటిని చదవడు, కంటితో దాటిపోతాడు. అయితే అవి చేసే పని గమనించదగినది. ‘క.’ అన్న అక్షరం, చుక్క కలిసి తరవాత వచ్చేది కందమని చెబుతాయి. మూడు, అయిదు, మూడు, అయిదు గణాల చొప్పున నాలుగు పాదాలు, ప్రాస నియమం, రెండు నాలుగు పాదాల చివర గురువు ఉంటాయన్న సమాచారమంతా ఆ ఒక్క అక్షరంలో ఇమిడి ఉంది. ‘సీ.’ అని ఉంటే దాని వెనక ఒక గీతపద్యం రావాలని కంపోజిటరుకూ తెలుసు, పండితుడికీ తెలుసు.

ఈ గుర్తు పద్యం ఏ పరిమాణంలో, ఎంత ఎడంలో ఉండాలో చెప్పదు. అది ఏమిటో మాత్రమే చెబుతుంది. సీసపాదాన్ని రెండు ముక్కలుగా విరవాలా, ఒకే వరుసలో పట్టించాలా అన్నది అచ్చుకూటం తన కాగితం వెడల్పును బట్టి తేల్చుకునేది. స్వరూపాన్ని చెప్పే గుర్తు ఒకటి, రూపాన్ని ఇచ్చే నిర్ణయం మరొకటి. కంప్యూటరు రంగం ఈ విభజనకు తనదైన దారిలో వచ్చింది. 1964లో ఎం.ఐ.టి.లో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన ‘రనాఫ్’ పాఠం మధ్యలో చుక్కతో మొదలయ్యే ఆజ్ఞలను ఉంచింది. అవి ఎక్కువగా రూపాన్ని గురించిన ఆజ్ఞలు. అంగాన్ని పేరు పెట్టి పిలవాలన్న ఆలోచన 1969 నాటి ఐ.బి.ఎం. ‘జీఎంఎల్’లో స్థిరపడి, 1986లో ‘ఎస్‌జీఎంఎల్’ పేరిట అంతర్జాతీయ ప్రమాణమైంది. తెలుగు ఛందస్సంకేతాన్ని ఈ వంశవృక్షంలో ఎవరూ చేర్చరు. చేర్చనక్కర లేదు కూడా, ఎందుకంటే వీటి మధ్య సంబంధం సామ్యమే తప్ప వారసత్వం కాదు.

3. రోమను లిపిలో తెలుగు, ఫాంటులో తెలుగు

1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ‘ఆర్టీఎస్’ అనే లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. ఇంగ్లిషు కీబోర్డుమీద ఉన్న అక్షరాలే దానికి సామగ్రి. చిన్నబడి అక్షరం ‘త’కు, అదే అక్షరపు పెద్దబడి రూపం ‘ట’కు సంకేతమయ్యాయి. కంటికి ఇది అందమైన తెలుగు కాదు. కాని పాఠం మొత్తం సాదా అక్షరాలలో ఉన్నందువల్ల ఏ యంత్రమైనా దాన్ని భద్రపరచగలదు, వెతకగలదు, పంపగలదు. తెలుగు లిపిలో చూడదలచినవారికి ‘రిట్’ అనే పనిముట్టు ఉండేది. 2006లో వీవెన్ అందించిన ‘లేఖిని’ ఈ పద్ధతి అలవాటైనవారిని నేరుగా యూనికోడ్ తెలుగుకు చేర్చింది.

ఇదే కాలంలో హైదరాబాదు డీటీపీ దుకాణాలు వేరే దారి పట్టాయి. పేజ్‌మేకరు, అను ఫాంట్లు అక్కడి ప్రధాన పనిముట్లు. కాగితంమీద ఫలితం నిజంగా బాగుండేది, దుకాణదారును తప్పుపట్టడానికి ఏమీ లేదు. కాని ఆ ఫాంట్లలో ఉన్నవి తెలుగు వర్ణాలు కావు, వాటి ముక్కలు. తలకట్టు, కొమ్ము, వత్తు, ఏత్వం విడివిడిగా ఇంగ్లిషు అక్షరాల స్థానాలలో కూర్చున్నాయి. ఫాంటు తొలగిస్తే మిగిలేది అర్థంలేని చిహ్నాల వరుస. అంతేకాదు, ఒక ఫాంటులో వత్తు కూర్చున్న స్థానంలో మరో ఫాంటులో గుడి ఉంటుంది. ఈనాడు, వార్త వంటి పత్రికల వెబ్‌సైట్లు కూడా ఒకప్పుడు ఇలా ఎవరి ఫాంటు వారే వాడుకున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఉపకరణాన్ని తయారు చేయవలసివచ్చింది.

డీటీపీ ఫైలులో జరిగిన నష్టం రెండు విధాలు. అక్షరం ఏదో యంత్రానికి తెలియదు, అంగం ఏదో కూడా తెలియదు. మొదటి నష్టాన్ని అందరూ గుర్తించారు. మార్పిడి పనిముట్లు వచ్చాయి, అవి చాలామేరకు పనిచేస్తున్నాయి. రెండోదాని మీద చర్చ తక్కువ. అధ్యాయం పేరు, ఉపశీర్షిక, ఉదాహృత పద్యం, పాదసూచిక అన్నీ సైజు, బొద్దు, ట్యాబుల ద్వారా మాత్రమే వేరుపడ్డాయి. ఫైలును యూనికోడ్‌లోకి మార్చిన మరుక్షణం ఆ సైజులూ ట్యాబులూ రాలిపోయి, అధ్యాయం పేరు మొదటి పేరాలో కలిసిపోతుంది.

4. వికీ గుర్తులు, ఔపవిభక్తికాలు

యూనికోడ్ తొలి కూర్పు (1991) తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. సామాన్య వాడుకరి యంత్రంలో అది పనిచేయడానికి మరో పదేళ్ళు పట్టింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దానితోపాటు తెలుగు పాఠానికి ఒక గుర్తుల భాష వచ్చింది. వార్డ్ కన్నింగ్‌హాం 1995లో తొలి వికీని నెలకొల్పినప్పటి ఉద్దేశమే ఇక్కడా ఉంది. రాసేవాడు హెచ్‌టీఎంఎల్ నేర్వనక్కరలేకుండా, రెండు సమాన చిహ్నాల మధ్య == శీర్షిక ==, రెండు చదరపు కుండలీకరణాల మధ్య [[లంకె]] పెట్టగలగాలి. తెలుగు సముదాయం ఈ గుర్తులలో మాటలు ఉన్నచోట వాటిని తెలుగు చేసుకుంది. వర్గం, దస్త్రం, మూస, వాడుకరి అన్నవి ఇప్పుడు యంత్రానికి తెలిసిన మాటలు. ‘పంజగుట్ట’ అని వెతికినవారిని ‘పంజాగుట్ట’ వ్యాసానికి చేర్చాలంటే #దారిమార్పు అని రాస్తే సరిపోతుంది.

గుర్తులకూ భాషకూ ఘర్షణ వచ్చింది విభక్తి దగ్గర. ఇంగ్లిషులో పేరుకు లంకె ఇస్తే పేరు అలాగే ఉంటుంది, విభక్త్యర్థం విడిగా ముందు వస్తుంది. తెలుగులో అది పేరుకు అతుక్కుంటుంది. మీడియావికీ తెలుగు అమరికలో ఇందుకొక ఏర్పాటు ఉంది. [[హైదరాబాదు]]లో అని రాస్తే కుండలీకరణం బయట ఉన్న ‘లో’ కూడా లంకెలో భాగంగానే కనిపిస్తుంది. ఇంగ్లిషు బహువచన ప్రత్యయం కోసం ఉన్న సదుపాయమే తెలుగు అక్షరాలకు విస్తరించి, మన విభక్తులకు అక్కరకు వచ్చింది.

అయితే ఔపవిభక్తికాలకు ఇది చాలదు. ‘నెల్లూరు’ షష్ఠిలో ‘నెల్లూరి’ అవుతుంది, ‘ఏరు’ ‘ఏటి’ అవుతుంది. చివరి అక్షరమే మారినప్పుడు బయట ప్రత్యయం చేర్చి ప్రయోజనం లేదు. అప్పుడు [[నెల్లూరు|నెల్లూరి]] అని నిలువుగీతకు ఎడమన ప్రాతిపదికనూ కుడిన వాక్యంలోని రూపాన్నీ రాయాలి. వ్యాకరణం తరగతిలో బాలవ్యాకరణ సూత్రంగా చదువుకున్న విషయాన్ని వికీ సంపాదకుడు నిలువుగీతతో ఆచరిస్తున్నాడు. నిలువుగీతల జంటలను పోగుచేస్తే ఔపవిభక్తిక రూపాలకు ఒక ప్రయోగకోశం తయారవుతుంది. ఇది పరిశోధనకు అందుబాటులో ఉన్న సామగ్రి.

5. మార్క్‌డౌన్: పద్యం విరిగే చోట్లు

జాన్ గ్రూబర్ 2004లో ప్రకటించిన మార్క్‌డౌన్ మరింత తేలిక. ఈ-లేఖలలో జనం అప్పటికే వాడుతున్న నక్షత్రాలు, అడ్డగీతలే దాని గుర్తులు. గుర్తులతో ఉన్నప్పటికీ మూలపాఠం చదవడానికి ఇబ్బంది ఉండకూడదన్నది దాని ప్రధాన సూత్రం. దాని రూపకల్పనలో ఆరన్ స్వార్ట్జ్ పాలు కూడా ఉంది. 2014లో ‘కామన్‌మార్క్’ దాని నియమాలను నిష్కర్షగా నిర్వచించింది. ‘పాండాక్’ వంటి పనిముట్టుతో ఒకే సాదా ఫైలునుంచి పీడీఎఫ్, వర్డ్, వెబ్ పుట మూడూ పుట్టించవచ్చు. పాదసూచికలు మొదటి మార్క్‌డౌన్‌లో లేవు, పాండాక్ చేర్చింది. పరిశోధకుడికి ఇది ఆకర్షణీయమైన సాధనమే. అయితే తెలుగు పాఠాన్ని దీనిలో పెట్టినప్పుడు జాగ్రత్త వహించవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది పాదభంగం. మార్క్‌డౌన్ వరుసగా ఉన్న పంక్తులను ఒకే పేరాగా కలుపుతుంది. పంక్తి చివర రెండు ఖాళీలు వదలకపోతే కందంలోని నాలుగు పాదాలు వచనంలా ఒకే వరుసలో ప్రవహిస్తాయి. పోనీ అని పద్యాన్ని నాలుగు ఖాళీలు లోపలికి జరిపితే, దాన్ని ప్రోగ్రాము కోడుగా భావించి టైపురైటరు అక్షరాలలో చూపిస్తుంది.

రెండోది ఇంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే అది కనిపించదు. శతకంనుంచి 12, 47, 103 సంఖ్యలు గల పద్యాలను ఎన్నుకొని, ప్రతి పద్యాన్నీ సంఖ్య, చుక్కతో మొదలుపెట్టి వరుసగా ఉదాహరించారనుకుందాం. మార్క్‌డౌన్ దాన్ని జాబితాగా గ్రహిస్తుంది. గ్రూబర్ తొలి రూపంలో అవి 1, 2, 3 అవుతాయి. కామన్‌మార్క్ మొదటి సంఖ్యను గౌరవించి 12, 13, 14 చేస్తుంది. మూలపాఠం సరిగ్గానే ఉంటుంది, ముద్రిత ప్రతిలో ఉద్ధరణలు తప్పుతాయి. చుక్కకు ముందు వెనుకవాటు గీత పెడితే ఈ ముప్పు తప్పుతుంది. తెలుగు అంకెలలో ౧౨. అని రాసినా తప్పుతుంది, వాటిని అది జాబితా సంఖ్యలుగా గుర్తించదు కనుక.

మూడోది మళ్ళీ విభక్తే. అడ్డగీతల మధ్య పెట్టిన పేరుకు ప్రత్యయం తగిలిస్తే, అంటే _మనుచరిత్ర_లో అని రాస్తే, కామన్‌మార్క్ దాన్ని గుర్తుగా అంగీకరించదు. పదం మధ్యలో అడ్డగీత ఉండే ఫైలు పేర్లను కాపాడడానికి పెట్టిన నియమం అది. నక్షత్రంతో *మనుచరిత్ర*లో అన్నది చెల్లుతుంది. కాని లోపల ఉద్ధరణ చిహ్నాలుంటే, “కందం”లో అన్నప్పుడు, నక్షత్రాలు మూతపడక అలాగే మిగిలిపోతాయి. విరామచిహ్నం తరవాత ఖాళీ వస్తుందనుకునే భాషలకోసం రాసిన నియమం, చిహ్నం తరవాత ప్రత్యయం వచ్చే భాషను లెక్కలోకి తీసుకోలేదు.

వాలు అక్షరాల సంగతి వేరు. ఒంటి నక్షత్రం సాధారణంగా వాలు అక్షరాన్ని ఇస్తుంది. తెలుగు లిపికి ఆ సంప్రదాయం లేదు. గుండ్రని అక్షరాన్ని యంత్రం పక్కకు వంచితే అది నొక్కిచెప్పినట్లు కాక జారిపడినట్లు ఉంటుంది. గుర్తు స్వరూపాన్నే చెబుతుంది కనుక, దాన్ని బొద్దుగానో వేరే రంగులోనో చూపమని తెలుగు పుటల అమరికలో నిర్దేశించుకోవచ్చు. ఈ వెసులుబాటు డీటీపీ ఫైలుకు లేదు.

6. సిద్ధాంతగ్రంథం, వికీసోర్సు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలు పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని ఆదేశించాయి. ఆ ప్రతులు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ‘శోధగంగ’కు చేరుతున్నాయి. పాత తరహా ఫాంటులో కూర్చి చేసిన పీడీఎఫ్ తెరమీద చక్కగా తెలుగులోనే కనిపిస్తుంది. దానిలో ‘ఔపవిభక్తికం’ అన్న మాటకోసం వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే ఆ ఫైలు లోపల ఆ మాట లేదు. ఒకే అంశంమీద రెండు విశ్వవిద్యాలయాలలో జరిగిన పనిని పోల్చదలచిన పర్యవేక్షకుడు శీర్షికలతో సరిపెట్టుకోవలసి వస్తుంది. గ్రంథచౌర్య పరీక్షకు కూడా అటువంటి పాఠం అందదు.

యూనికోడ్‌లో ఉన్నంత మాత్రాన చిక్కులన్నీ తీరవు. ‘అమీర్‌పేట’ అన్న పేరే ఇందుకు నిదర్శనం. ‘ర్’ తరవాత కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం ఉంటేనే అది ఇలా నిలుస్తుంది, లేకపోతే ‘అమీర్పేట’ అని సంయుక్తమవుతుంది. సంకేతం ఉన్న రూపం, లేని రూపం, మధ్యలో ఖాళీ ఉన్న రూపం యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. పరిశోధకుడు తన మూలఫైలులో ఒకే రూపాన్ని పాటించడం గుర్తులు సరిగ్గా పెట్టడమంత అవసరం.

తెలుగు వికీసోర్సులో పాత కావ్యాలను పుటవారీగా టైపు చేసి దిద్దే పని స్వచ్ఛందంగా సాగుతోంది. పద్యపాదాలు కలిసిపోకుండా అక్కడ ‘పోయెం’ అనే ప్రత్యేక గుర్తు వాడతారు. పద్యానికంటూ ఒక మూస కూడా ఉంది. దానిలో పాదాలకు ఒక గడి, ఛందస్సుకు మరో గడి ఉంటాయి. ఒక ప్రబంధంలో కందాలెన్ని, సీసాలెన్ని అని ఇప్పుడు యంత్రంచేత లెక్కించవచ్చు. ఆ ఛందస్సు గడిలో సంపాదకులు నింపేది పాత అచ్చు పుస్తకంలో ఉన్న ఆ పొడి అక్షరాన్నీ చుక్కనే.