తండా పేరు మిగిలిన కొండ

బంజారాహిల్స్ పేరు తెలియనివాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేరు. ఖరీదైన ఇల్లు అనగానే ముందు నోటికి వచ్చే పేర్లలో అదొకటి. ఆ పేరు ఎవరిదని ఆలోచించేవాళ్లు మాత్రం తక్కువ. బంజారాలంటే లంబాడాలు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కను నేలంతా తిరిగినవాళ్లు. మొగలు సైన్యాలకు తిండిగింజలు అందించినవాళ్లు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. రైలుబండి, రోడ్లు పెరిగిన కొద్దీ ఎద్దుల బిడారుకు పని తగ్గింది. బిడారు ఆగిన చోట తండా వెలిసింది. నగరానికి పడమర దిక్కున రాళ్ల గుట్టల మీద అలా బతికినవాళ్ల వల్లనే ఆ గుట్టలకు బంజారా పేరు వచ్చింది.

ఇవాళ కొండ మీద పేరు ఉంది, తండా లేదు. డబ్బున్నవాళ్లు వచ్చారు, లేనివాళ్లు పోయారు అంటే అది సగం జవాబే. గుట్టలు ఊరి చుట్టూ ఎన్నో ఉన్నాయి. ధనవంతులంతా ఒకే గుట్ట మీద చేరడానికి కారణం ఏమిటి? వాళ్లు ఇల్లు కొనేటప్పుడు గోడలు, కప్పు మాత్రమే కొనరు. ఇరుగుపొరుగును కొంటారు, పరపతిని కొంటారు. ఆ ఇరుగుపొరుగును తయారు చేసేది క్లబ్బు. ఆ పరపతికి మంచిపేరు తెచ్చేది దానం. క్లబ్బు, దానం, ఖరీదైన ఇల్లు ఈ మూడూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని ఎలా నడిచాయో తెలుసుకోవడం మనకు అవసరం. ఎందుకంటే ఆ నడక బంజారాహిల్స్ దగ్గర ఆగలేదు. మాదాపూర్ దాటింది, వికారాబాద్ గుట్టల వైపు వెళ్లింది, అరకు దాకా వచ్చి చూస్తోంది.

ఊటీలో వేసిన బాట

ఈ కథకు పాత నమూనా ఊటీ. నీలగిరులు తోడా ఆదివాసుల పశువుల మేత భూములు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1820ల మొదట్లో అక్కడ రాతి ఇల్లు కట్టుకున్నాడు. తోడాల దగ్గర ఎకరం ఒక్క రూపాయి చొప్పున భూమి కొన్నాడని చరిత్రకారులు రాశారు. ఆయన వెనక దొరలు వరుస కట్టారు. ఆ తర్వాత ఊటీ క్లబ్బు వచ్చింది. క్లబ్బు నడిచిన భవనాన్ని 1830లలో కట్టించినవాడు విలియం రంబోల్డ్. అతడు మన హైదరాబాదులో నిజాముకు అధిక వడ్డీకి అప్పులిచ్చిన పామర్ కంపెనీలో భాగస్వామి. ఇక్కడి రైతు కట్టిన శిస్తు వడ్డీగా మారి కొండెక్కిందన్నమాట. క్లబ్బు ఉన్న చోటికి మనుషులు వచ్చారు, మనుషులు వచ్చిన చోట బంగళాల ధర పెరిగింది. తోడాల మేత భూమి తగ్గిపోయింది.

హైదరాబాదులోనూ క్లబ్బులు ముందే వెలిశాయి. సికింద్రాబాద్ క్లబ్ 1878లో కంటోన్మెంటు అధికారుల కోసం మొదలైంది. నిజాం క్లబ్ 1884లో నవాబులు, పెద్ద ఉద్యోగుల కోసం వచ్చింది. క్లబ్బు అంటే పేకాట, టెన్నిసు, విందు మాత్రమే కాదు. అక్కడ చేరాలంటే పాత సభ్యులు పేరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి, కమిటీ ఒప్పుకోవాలి. చేతిలో డబ్బున్నా ఏళ్ల తరబడి వరుసలో ఆగాలి. అంటే క్లబ్బు అమ్మే వస్తువు వసతి కాదు, వడపోత. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో అది నిర్ణయిస్తుంది. ఎవరు ఇల్లు అమ్ముతున్నారో, ఎవరు కొనబోతున్నారో పత్రికలో ప్రకటన రాకముందే అక్కడి బల్లల దగ్గర తెలిసిపోతుంది.

కొండ మీద తొలి ఇల్లు

1930లలో నిజాం ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి మెహదీ నవాజ్ జంగ్ ఈ గుట్టల మీద ఇల్లు కట్టుకున్నారు. బండలను పగలగొట్టకుండా ఇంటిలో కలుపుకుని కట్టించిన ఆ ఇంటికి బంజారా భవన్ అని పేరు పెట్టారు. పాతనగరం ఇరుకు నుంచి బయటపడి అక్కడికి రమ్మని తన తోటివాళ్లను పిలిచారు. 1933లో హైదరాబాదుకు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూరు ఈ కొండల మీద విడిది చేసి వాటి మీద కవిత కూడా రాశారు. నవాబు, కవి మెచ్చిన కొండను మిగతా పెద్దలూ మెచ్చారు.

నవాజ్ జంగ్ చెడ్డవాడని నేను చెప్పడం లేదు. రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రికి ఉన్నది ఆయన పేరే. మన ఏజెన్సీల నుంచి వెళ్లే పేద రోగులకు ఇవాళ్టికీ అది ఆదరువు. తండావాళ్ల పేరును ఆయన గౌరవంగానే వాడుకున్నారు. కానీ పేరుకు దొరికిన పట్టా మనుషులకు దొరకలేదు.

అదే కాలంలో అదే నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ అడవుల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. రిజర్వు అడవి పేరుతో గోండుల, కొలాముల పోడు చేలను ఖాళీ చేయించారు. జోడేఘాట్‌లో కొమురం భీం 1940లో పోరాడి ప్రాణమిచ్చాడు. ఒక గుట్ట మీద బండ కూడా చెదరకుండా ఇల్లు లేచింది. మరో గుట్ట మీద గుడిసెలు కాలిపోయాయి. మన పాఠ్య పుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు పాఠాలు. కలిపి చదివితేనే ఆ కాలం అర్థమవుతుంది.

దానం తెచ్చిన విలువ

1960లలో పక్కనే జూబ్లీహిల్స్ సహకార గృహ నిర్మాణ సంఘం ఏర్పడింది. ప్రభుత్వం ఇచ్చిన బంజరు గుట్టను ప్లాట్లు చేసి సభ్యులకే కేటాయించింది. సభ్యులకే అన్న మాట గుర్తుంచుకోవాలి, దానితో మళ్లీ పని పడుతుంది. మద్రాసు నుంచి సినిమా పరిశ్రమ తరలివచ్చింది. అన్నపూర్ణ స్టూడియో ఈ వైపే వెలిసింది. ఫిల్మ్‌నగర్ వచ్చింది, దానికొక క్లబ్బు వచ్చింది.

తర్వాత దానం కొండెక్కింది. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ బంజారాహిల్స్‌లో 5 ఎకరాల భూమి, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో అక్కడ కంటి ఆసుపత్రి మొదలైంది. చిరంజీవి రక్తనిధి 1998 అక్టోబరు 2న జూబ్లీహిల్స్‌లో ప్రారంభమైంది. ఎన్.టి. రామారావు భార్య పేరున బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి 2000లో బంజారాహిల్స్‌లో తెరుచుకుంది. ఇవి నిజమైన సేవలు. ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1996లోనే ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో కంటి ఆసుపత్రి పెట్టింది. దానివల్ల చూపు తిరిగి వచ్చిన ముసలివాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. ఆ మేలును కాదనకూడదు.

కానీ చరిత్ర చదివేవాళ్లు ఇంకొకటి కూడా చూడాలి. ఆసుపత్రి, ట్రస్టు, రక్తనిధి ఉన్న వీధి మంచి వీధి అవుతుంది. ఆ ట్రస్టు బోర్డులో ఉన్నవాళ్లు, విరాళాల విందుకు వచ్చేవాళ్లు అక్కడే పరిచయమవుతారు. కొత్తగా డబ్బు సంపాదించినవాడికి పాత క్లబ్బు తలుపు వెంటనే తెరుచుకోదు. విరాళం ఇచ్చే సభలో మాత్రం మొదటి వరుస కుర్చీ దొరుకుతుంది. ఆ కుర్చీ నుంచి క్లబ్బుకు, క్లబ్బు నుంచి పక్కింటికి దారి దగ్గర. దానం ఇచ్చినవాళ్ల మనసులో ఈ లెక్క ఉండకపోవచ్చు. నేల ధరలో మాత్రం ఉంటుంది.

మాదాపూర్ తర్వాత

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ, నానక్‌రాంగూడ నిన్నటిదాకా జొన్న చేలు, బండరాళ్లు, చెరువులు ఉన్న ఊళ్లు. అక్కడ చేరిన ఇంజనీరుకు పాత క్లబ్బులో తాత ముత్తాతల వరుస లేదు. అందుకని బిల్డర్లు క్లబ్బునే ఇంటితో కలిపి అమ్మడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఏ గేటెడ్ కమ్యూనిటీ బ్రోచరు చూసినా పడకగదుల కంటే ముందు క్లబ్‌హౌస్ బొమ్మ ఉంటుంది. ఈతకొలను, టెన్నిసు కోర్టు, విందు హాలు, పిల్లల గది. ఇల్లు కొంటే సభ్యత్వం దానంతట అదే వస్తుంది.

దీనికి పెద్ద ఉదాహరణ మణికొండ. దుబాయ్‌కి చెందిన ఎమ్మార్ సంస్థ, ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ కలిసి 535 ఎకరాల్లో గోల్ఫ్ కోర్సు, విల్లాలు, హోటలు, కన్వెన్షన్ సెంటరు తలపెట్టాయి. గోల్ఫ్ క్లబ్బు చుట్టూ విల్లాలు, అదే ఆకర్షణ. విల్లా ప్లాట్ల అమ్మకాల మీద 2011లో సీబీఐ కేసు పెట్టింది. ఇక ఆ ప్రాంతంలో భూమి హజ్రత్ హుస్సేన్ షావలీ దర్గాకు చెందిన వక్ఫ్ ఆస్తి అని ఏళ్ల తరబడి వివాదం నడిచింది. 1,654 ఎకరాలు రాష్ట్ర ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వక్ఫ్ అంటే దేవుడి పేరున ఇచ్చిన దానం. దానమా కాదా అని కోర్టులో వాదన జరుగుతుండగానే ఆ నేల మీద గోల్ఫ్ ఆట జరిగింది.

ఐటీ కారిడార్‌కు అవతల జంట జలాశయాలు ఉన్నాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు నీరు తగ్గకుండా 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డు పడింది. అయినా మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫాంహౌసులు, విడిది క్లబ్బులు లేచాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ మరో జీవో ఇచ్చింది. నీటికి కట్టిన కంచె పాతికేళ్లు నిలిచి వంగిపోయింది.

ఈ ఇళ్లు కట్టిందెవరు? దేవరకొండ తండాల నుంచి, పాలమూరు పల్లెల నుంచి వచ్చిన కూలీలు. ఇళ్లలో పని చేసేవాళ్లలోనూ, గేటు దగ్గర నిలబడేవాళ్లలోనూ వాళ్లే ఎక్కువమంది కనబడతారు. బంజారా పేరున్న కొండకు బంజారాలు మళ్లీ వచ్చారు, కాకపోతే పని గేటు నుంచి.

సత్యం నేర్పిన పాఠం

దానం మీద ఎంతవరకు ఆధారపడవచ్చో హైదరాబాదే నేర్పింది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. అదే కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్ బాచుపల్లి దగ్గర హిల్ కౌంటీ అనే ఖరీదైన ఇళ్ల సముదాయం కట్టింది. దాతగా పేరున్న ఇంటివాళ్లు కడుతున్నారంటే కొనేవాళ్లకు అదే హామీ. 2008 డిసెంబరు 16న సత్యం సొమ్ముతో మేటాస్ సంస్థలను కొనాలని బోర్డు నిర్ణయించింది. మదుపరులు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం జరిగిందని రామలింగరాజే లేఖ రాశారు. 2015లో ప్రత్యేక కోర్టు దోషిగా తేల్చింది. హిల్ కౌంటీలో డబ్బు కట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

మరి 108 బండి ఆగిందా? ఆగలేదు. దాని ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం భరిస్తోంది, నిర్వహణ వేరే సంస్థ తీసుకుంది. దాత పేరు మీద నిలిచింది కూలింది. ప్రజల హక్కుగా మారింది నిలిచింది.

మన గేటు

2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక సేవకు ఖర్చు చేయాలి. ఆ డబ్బుతో ఏజెన్సీ బడులకు సంచులు, నోటు పుస్తకాలు వస్తున్నాయి. పిల్లలు సంతోషిస్తారు, ఉపాధ్యాయులుగా మనం సంతకం పెట్టి తీసుకుంటాం. తీసుకోవడంలో తప్పు లేదు. అయితే ఆ 2 శాతం పక్కన ఇంకొక అంకె పెట్టి పిల్లలకు చెప్పాలి. అరకు దగ్గర బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదని చెప్పింది. అక్కడ నడిచే పరిశ్రమ నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల నీరు, బడి, ఆసుపత్రుల కోసం పక్కన పెట్టాలని కూడా చెప్పింది. సంచులు పంచకుండా చట్టం చదివిన సంస్థ సాధించిన అంకె అది.

అరకు, లంబసింగి ఇవాళ విహార స్థలాలు. చలికాలంలో హైదరాబాదు, విశాఖ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడొక ఇల్లు ఉంటే బాగుండునని అనుకుంటారు. కొనలేరు. 1959 భూబదలాయింపు నిబంధన, దానిని గట్టి చేసిన 1970 నాటి 1/70 అడ్డు ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప బదిలీ కాదు. బినామీ పేర్లతో దొంగదారులు ఉన్నాయి, అయినా పెద్ద గేటు మూసే ఉంది.

ఈ చట్టం అభివృద్ధికి అడ్డు అనే మాట తరచూ వింటాం. జూబ్లీహిల్స్‌లో సభ్యులకే ప్లాటు ఇస్తే అది సంఘం నియమం. క్లబ్బులో బయటివాడిని గేటు దగ్గర ఆపితే అది మర్యాద. తరతరాలుగా ఉన్న కొండను గిరిజనులకే ఉంచాలంటే మాత్రం అది వెనకబాటుతనమట. రెండూ కంచెలే. ఒకటి డబ్బుతో కట్టుకున్నది, ఇంకొకటి రంప నుంచి జోడేఘాట్ దాకా ప్రాణాలతో కట్టుకున్నది.

కంచె ఉంటే దానం కూడా దారిలోకి వస్తుందనడానికి అరకు కాఫీయే సాక్ష్యం. 1998లో హైదరాబాదులో పుట్టిన నాంది ఫౌండేషన్ మన్యం రైతులతో కాఫీ పండించింది. 2017లో ఆ కాఫీ దుకాణం పారిస్‌లో తెరుచుకుంది. అక్కడ ఆదివాసీ రైతు దానం పుచ్చుకున్నవాడు కాదు, తోట యజమాని. తోట అతని చేతిలో మిగిలింది 1/70 వల్ల.

బంజారాహిల్స్ గుట్టలకు అలాంటి చట్టం లేదు. అందుకే అక్కడ కొండ బోర్డుల మీద మనుషుల పేరు మాత్రమే మిగిలింది. అరకుకు ఆదివాసీ పేరు ఒక్కటే మిగలకూడదనుకుంటే, క్లబ్బువాళ్లు తమ నియమావళిని కాపాడుకున్నంత శ్రద్ధగా మనం 1/70ని కాపాడుకోవాలి. సంచులు తీసుకుందాం, కృతజ్ఞత చెబుదాం. పట్టా మాత్రం మన పెట్టెలోనే ఉంచుకుందాం.