విజ్ఞానసర్వస్వమున నొక గాయని

ఒక మానవుని జీవితమును రెండు మూడు పుటలలో నిముడ్చుట యెంత కష్టమో విజ్ఞానసర్వస్వములకు వ్రాయువా రెఱుగుదురు. కావ్యమున కవి తన యిచ్చ వచ్చినట్లు వర్ణింపవచ్చును. ఇచట నట్లు గాదు. ప్రతివాక్యమునకును వెనుక నొక సాక్ష్యము నిలిచి యుండవలెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిన కాలమున ఈ సాక్ష్యపరీక్ష పండితుల పని. ఆ మహాకార్యము ముగియకుండగనే 1923లో వారు గతించిరి. 2001 జనవరి 15వ తేదీన ఆంగ్లమున నారంభమైన వికీపీడియాలో నీ పని యెవరైనను చేయవచ్చును. తెలుగున నది 2003 డిసెంబరులో మొదలైనది. గృహిణి గాని, విద్యార్థి గాని, పింఛను పుచ్చుకొను నుద్యోగి గాని పుటను తెఱచి దిద్దవచ్చును. దిద్దిన ప్రతి యక్షరమును తేదీతోను వేళతోను ఆ పుట చరిత్రలో నిలిచి యుండును. ఇరువురకు పొసగనప్పుడు వాదించుకొనుటకు ప్రతిపుటకును జంటగా నొక చర్చాపుట కలదు. మా యభిప్రాయమున అసలు పుటకంటె నీ చర్చాపుటయే తఱచుగా నెక్కువ జ్ఞానదాయకము.

ఇట్టి పుటలలో మిక్కిలి చిక్కుపెట్టునవి స్వతంత్ర వాగ్గేయకారులను గూర్చినవి. తానే పాట కట్టి, తానే వరుస కూర్చి, తానే పాడి, ఏ పెద్ద రికార్డుల కంపెనీ యండయు లేక గడపిన వారికి సాక్ష్య మెచటినుండి వచ్చును? ఈ ప్రశ్నకు అమెరికా దేశపు కాన్నీ కాన్వర్సు అను నామె చరిత్రకంటె మంచి యుదాహరణము మాకు దొరకలేదు.

ఈమె యసలు పేరు ఎలిజబెత్ ఈటన్ కాన్వర్సు. 1924 ఆగస్టు 3వ తేదీన న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున లకోనియా పట్టణమున జన్మించినది. తండ్రి క్రైస్తవ మతబోధకుడు, ఇల్లు నియమనిష్ఠలు గలది. బడిలో ప్రథమురాలై, విద్యార్థివేతనముతో మౌంట్ హోలియోక్ కళాశాల జేరి, రెండేండ్లు చదివి, విడిచి న్యూయార్కు పోయినది. అచట పగలు నొక అచ్చుకూటమున నుద్యోగము, తీరిక వేళల గిటారు పట్టుకొని పాటలు కట్టుట. ఆ పాటలలో ఒంటరిగా బ్రతుకు స్త్రీ యొక్క తలపులు, హాస్యము, వేదన కలవు. 1954లో జీన్ డైచ్ అను చిత్రకారుడు, కదలెడు బొమ్మల చిత్రములు తీయువాడు, హేస్టింగ్సు గ్రామమున తన యింట ఆమె పాటలను టేపుపై నెక్కించెను. ఆ యేడే టెలివిజనులో నొక ఉదయకార్యక్రమమున నామె యొకమారు పాడినది. అంతటితో సరి. ఏ కంపెనీయు నామె పాటలను ప్రకటింపలేదు.

1961లో న్యూయార్కు విడిచి, తమ్ముడు ఫిలిప్ కాన్వర్సు రాజనీతిశాస్త్రాచార్యుడుగా నున్న యాన్ ఆర్బరు నగరము చేరినది. 1974 ఆగస్టులో, ఏబదియేండ్లు నిండిన దినములలో, బంధువులకును స్నేహితులకును ఉత్తరములు వ్రాసి, సామానులు తన చిన్న వోక్స్‌వాగన్ కారులో సర్దుకొని వెడలిపోయెను. ఆ పిమ్మట నామె గాని యా కారు గాని యెవరికిని కానరాలేదు.

ఇప్పు డొక యూహ. 2003లో ఆమెను బాగుగ నెఱిగిన స్నేహితు డొకడు కూర్చుండి యామెపై నొక పుట వ్రాసెననుకొందము. ఆ పుట నిలిచెడిదా? నిలువదు. వ్యక్తితో సంబంధము లేని వారు, నమ్మదగిన ప్రచురణములలో, ఆమెను గూర్చి విపులముగా వ్రాసియుండవలె ననునది యచటి విధి. ఆమె టేపులు డైచ్ యొద్దను తమ్ముని యింటను నున్నవి. ఆమె పాటలను వినినవారు కొందఱు మిత్రులు మాత్రమే. పాటలెంత గొప్పవైనను పుటను తొలగింపుమని యెవరో యొకరు చర్చ పెట్టుదురు, వారమునకు పుట పోవును.

ఇది క్రూరవిధి యని మా మిత్రులు కొందఱందురు. మే మట్లు తలపము. విధి లేనిచో ప్రతి గాయకుడును తనపుట తానే వ్రాసికొని, "అద్భుతము", "అపూర్వము" అను విశేషణములతో నింపును. ఇపుడును అట్టి ప్రయత్నములు నిత్యము జరుగుచునే యున్నవి, దిద్దువారి శ్రమలో మంచి భాగము ఆ విశేషణములను కోసివేయుటకే సరిపోవుచున్నది. పెద్దవారికిని ఇందు మినహాయింపు లేదు. 2012లో అమెరికా నవలాకారుడు ఫిలిప్ రాత్, తన నవల కెవరి జీవితము ప్రేరణమో పుటలో తప్పుగా నున్నదని తెలుపగా, రచయిత మాట యొక్కటియే చాలదు, వేఱొక ఆధారము కావలెనని సమాధానము వచ్చెను. అంత నాయన న్యూయార్కర్ పత్రిక ద్వారమున బహిరంగలేఖ ప్రకటించెను. అచ్చయినది గనుక నది యాధారమయ్యెను. నవ్వు వచ్చుమాట నిజమే గాని న్యాయము లేకపోలేదు.

అయినను ఈ విధికి నొక లోపము కలదు. అచ్చునకు దూరముగా బ్రతికిన వారిని, అందును స్త్రీలను, అది లెక్కకు రానీయదు. మన సంగతి చూడుడు. తాళ్లపాక అన్నమాచార్యుల చరిత్రను ద్విపదగా వ్రాసినది ఆయన మనుమడు చిన్నన్న, సంకీర్తనలను రాగిరేకుల కెక్కించి కాపాడినవారు ఆ కుటుంబమువారు. బంధువుల సాక్ష్యము పనికిరాదని గిరిగీసికొని కూర్చున్నచో ఆ మహనీయుని జీవితమున మనకు మిగులున దెంత? మన యిండ్లలో తల్లులు కట్టిన లాలిపాటలకు, అప్పగింతల పాటలకు కర్త్రి పేరే యెఱుగము. కాన్నీ కాన్వర్సు చరిత్రలోను టేపులను, ఉత్తరములను, సొరుగుల బీరువాను జాగ్రత్తపఱచినది తమ్ముడే.

2004 జనవరిలో, ప్రేగు నగరమున స్థిరపడిన వృద్ధుడు డైచ్ న్యూయార్కు రేడియోలో నొక కార్యక్రమమునకు వచ్చి, తన పాతటేపులలో నీమె పాట నొకటి వినిపించెను. వినిన యువకు లిరువురు వెదకుచు బయలుదేరి, మిగిలిన పాటలను సేకరించి, 2009లో నొక సంపుటముగా వెలువరించిరి. పత్రికలు వ్రాసినవి. అప్పటికి గాని విధి కోరిన సాక్ష్యము పుట్టలేదు. పాట పుట్టిన యేబదియైదేండ్లకు!

పుట పుట్టిన తోడనే చిక్కులును పుట్టును. ఒకటి, "మొదటి వాగ్గేయకారిణి" యను బిరుదు. స్వానుభవమునే పాటగా కట్టి గిటారుతో తానే పాడు పద్ధతికి ఆమె మార్గదర్శిని యని యభిమానులు. కాని యామె పాటలను నాటివారెవరును వినియుండలేదు గదా! విననిదానిని అనుసరించుట యెట్లు? మొదట నుండుట వేఱు, త్రోవ తీయుట వేఱు. పుటను దిద్దువాడు ఆ మాటను తన మాటగా గాక, ఫలానా విమర్శకుని యభిప్రాయముగా వ్రాయవలెను.

రెండవది మఱింత సున్నితము. ఆమె యేమయ్యెను? ఆమె కారుతో నేదో నీటిలోనికి పోయియుండునని తమ్ముడు శంకించెను. అది శంక యే గాని సాక్ష్యము గాదు. మరణసంవత్సరము వ్రాయరాదు, ఆత్మహత్య యనరాదు, జీవించియున్నదనియు ననరాదు. "1974లో కనబడకపోయినది" అను మాటలకు మించి యొక్కటి చేర్చినను అసత్యమునకు త్రోవ యగును. అపరాధపరిశోధకుని వెదకుమని కోరగా, దొరికినను చెప్పను, మాయమగుట యామె హక్కు అనెనని కుటుంబమువారి మాట. ఆ హక్కును పుట దిద్దువారును కొంత మన్నింపవలెనని మాకు తోచుచున్నది. కాని చదువరుల కుతూహలము వేఱు. ఎన్ని వ్యాసములు చూచినను ఆ కారు ప్రయాణముతోనే మొదలిడి, ఆ కారు ప్రయాణముతోనే ముగించుచున్నవి.

ఈ తొందరలో మఱుగున పడినది యామె రెండవ జీవితము. యాన్ ఆర్బరులో నామె యుద్ధములు, వైరములు శమింపజేయు మార్గములను శాస్త్రదృష్టితో చర్చించు "జర్నల్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్" అను పత్రికకు 1963 నుండి నిర్వాహక సంపాదకురాలు. 1968లో, ఆ పత్రిక 1957 మొదలుకొని పండ్రెండేండ్లు ప్రకటించిన వ్యాసముల నన్నిటిని సమీక్షించి తన పేర నొక దీర్ఘవ్యాసము వ్రాసినది. పాటలకు ఆధారము వెదకుటకు ఏబదియైదేండ్లు పట్టెను. ఈ వ్యాసమో యనాడే యచ్చయినది, గ్రంథాలయములలో నున్నది, ఎవరైనను చూడవచ్చును. అచ్చు సాక్ష్యమే కావలెనను విధి ననుసరించినను ఈ యంశము నిలుచునట్టిదే. 2023లో హోవార్డ్ ఫిష్‌మన్ వ్రాసిన విస్తృతజీవితచరిత్ర వెలువడిన పిమ్మట ఆ కాలమును గూర్చి పుటలో పేరాలు పెంచుటకు దిద్దువారికి మంచి యదను కలిగినది.