మిరియాల నుంచి మందుల దాకా: మన ఎగుమతి దిగుమతుల సింహావలోకనం

రోమన్ గ్రంథకర్త ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దంలోనే వాపోయాడు, ఏటా 5 కోట్ల సెస్టర్సుల సొమ్ము భారతదేశానికి తరలిపోతోందని. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలు వస్త్రాలు ఇక్కడి నుంచి ఓడలెక్కేవి. బదులుగా బంగారం, వెండి దిగేవి. ఆనాటి రోమన్ నాణేలు తెలుగునేలలోనూ దొరికాయి. సముద్ర వర్తకం విలువ ఎరిగిన కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లిలో అభయశాసనం వేయించి, తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును స్వాధీనం చేసుకోబోమని, నిర్ణీత సుంకంతోనే సరిపెడతామని విదేశీ వర్తకులకు మాటిచ్చాడు.

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పడానికీ మన నూలు బట్టలే ఆకర్షణ. వాటి పోటీకి తాళలేక బ్రిటన్ 1700లోనూ 1721లోనూ నిషేధ చట్టాలు చేసుకుంది. తర్వాతి శతాబ్దంలో కథ తిరగబడింది. మాంచెస్టర్ మిల్లు బట్ట ఇక్కడికి వచ్చింది. ముడి పత్తి, నీలిమందు, నల్లమందు, జనపనార, తేయాకు ఇక్కడి నుంచి వెళ్ళాయి. లెక్కల్లో ఎగుమతులదే పైచేయి అయినా, ఆ మిగులులో పెద్ద భాగం ‘హోమ్ ఛార్జీలు’ (పాలన పేరిట బ్రిటన్‌లో చెల్లించే ఖర్చులు) వంటి పద్దుల కింద లండన్ చేరేది. ఈ గుట్టు విప్పి, సంపద తరలింపు సిద్ధాంతంగా నిలబెట్టినవాడు దాదాభాయి నౌరోజీ.

స్వతంత్ర భారతానికి లోటు తోడుగా వచ్చింది. విభజనతో జనపనార పొలాలు ఎక్కువగా తూర్పు బెంగాల్‌లో, మిల్లులు కలకత్తా పరిసరాల్లో మిగిలాయి. రెండో ప్రణాళిక భారీ యంత్రాలను కోరింది. కరవు అమెరికా గోధుమలను కోరింది. 1966 జూన్‌లో డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి పెరిగింది. హరిత విప్లవం తిండిగింజల బెంగ తీర్చేలోగా 1973లో చమురు ధర మండింది. సరుకుల వాణిజ్యంలో మిగులు చూసినవి 1972–73, 1976–77 మాత్రమే. 1991లో విదేశీ మారక నిల్వలు కొద్ది వారాల దిగుమతులకే సరిపోయే స్థితిలో బంగారం తాకట్టుకు వెళ్ళింది. ప్రధాని పి.వి. నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ ఆర్థిక సరళీకరణతో మలుపు తిప్పింది అక్కడే.

అయితే ఆ మలుపుకు ముందే విత్తనాలు పడ్డాయి. హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన అంజిరెడ్డి వంటివారు, 1970 పేటెంట్ చట్టం ఇచ్చిన వెసులుబాటుతో మందుల పరిశ్రమను ప్రపంచ విపణికి చేర్చారు. కోస్తా చెరువుల రొయ్య అమెరికా చేరింది. ముడిచమురు కొనే దేశమే జామ్‌నగర్‌లో శుద్ధిచేసి పెట్రోలు, డీజిలు అమ్ముతోంది. 2023–24లో సరుకుల ఎగుమతులు సుమారు 43,700 కోట్ల డాలర్లు, దిగుమతులు సుమారు 67,800 కోట్లు. ఆ లోటులో సగానికి పైగా సాఫ్ట్‌వేర్ వంటి సేవల మిగులే పూడ్చింది.

మిగులున్న వలసకాలంలో దేశం చిక్కిపోయింది, లోటున్న స్వతంత్ర కాలంలో నిలదొక్కుకుంది. కనుక వాణిజ్యాన్ని తూచవలసింది లోటు అంకెతో మాత్రమే కాదు. పంపే సరుకులో మన నైపుణ్యం ఎంత, తెచ్చుకున్న సరుకుతో మనం కట్టుకున్నది ఎంత అన్నదే అసలు కొలత.