మా నాన్న ఎత్తు చక్రం

తణుకులో మా నాన్నకి సైకిల్ షాపు ఉండేది. గంటకింతని సైకిళ్లు అద్దెకిచ్చేవాడు, పంక్చర్లు వేసేవాడు. వేసవి సెలవుల్లో ఓవరాయిలింగు బండ్లు వస్తే, సత్తు గిన్నెలో కిరసనాయిలు పోసి బాల్స్ కడిగే పని నాది. ఒకరోజు ఒక సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, చైన్ వీల్‌లో ఒక పంటికి సుద్దముక్కతో గీత పెట్టి, "లెక్కపెట్టమ్మా" అన్నాడు. 44. వెనక ఫ్రీవీల్‌కి 18. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగింది.

ఆ రెండు అంకెల వెనక ఎంత కథ ఉందో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. 1870లలో ఇంగ్లండులో తొక్కిన పెద్దచక్రం సైకిల్‌కి చైనే లేదు. పెడళ్లు ముందు చక్రం ఇరుసుకే ఉండేవి. పెడల్ ఒక చుట్టయితే చక్రమూ ఒక చుట్టే. జోరుగా పోవాలంటే చక్రం పెద్దది కావాలి, కానీ కాళ్లు ఎంతవరకు అందితే అంతే. యాభై, అరవై అంగుళాల చక్రం మీద ఎక్కి కూర్చునేవారు. దారిలో రాయి తగిలితే తలకిందులుగా ముందుకి పడేవారు. కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చిన రోవర్ సైకిల్ ఆ చిక్కు తీర్చింది. పెడళ్లని మధ్యకి తెచ్చి, చైన్‌తో వెనక చక్రాన్ని తిప్పింది. చక్రం చిన్నదైనా పళ్ల లెక్కతో పెద్దచక్రం పని చేయించవచ్చు.

అందుకే ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ గేరుని, అది ఎంత పెద్దచక్రానికి సమానమో చూసి, అంగుళాల్లో చెప్పుకుంటారు. నాన్న సైకిల్ చక్రం 28 అంగుళాలు. 44ని 18తో భాగించి, 28తో గుణిస్తే 68. అంటే ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, సరిగ్గా మా నాన్న ఎత్తు! నిజంగా అంత చక్రమే ఉంటే ఆయన కాళ్లు పెడళ్లకి అందేవి కావు. గోదావరి డెల్టాలో ఆ ఒక్క గేరు సరిపోయేది. కాలవ మీది వంతెన తప్ప ఎత్తన్నదే లేదు. కేరియర్ మీద బియ్యం బస్తా ఉంటే వంతెన దగ్గర దిగి నెట్టేవాడు.

పెళ్లయి విశాఖపట్నం వచ్చాకే నాకు ఆ ఒక్క గేరు చాలదని తెలిసింది. ఫ్రాన్సులో కొండల ఊరు సెంతెతియెన్‌లో పాల్ ద వివీ అనే ఆయనకి ఆ సంగతి చాలా ముందే తెలుసు. వెలోసియో అన్న పేరుతో తన పత్రికలో ఏళ్ల తరబడి గేర్ల కోసం వాదించాడు. 1902లో తూర్మలే కనుమ మీదుగా సైకిళ్లకి పరీక్ష పెట్టినప్పుడు, మార్త్ హెస్ అనే ఆవిడ మూడు గేర్ల సైకిల్‌తో ఆ దారంతా తొక్కింది. కాలు కింద పెట్టలేదని చెప్తారు. ఈ మాట చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అయినా పందేల పెద్దలు ఒప్పుకోలేదు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆంరీ దెగ్రాంజ్‌కి గేర్లంటే సరిపడలేదు. కండబలం ఉన్నవాడికి అవెందుకన్నది ఆయన పట్టు. ఆటగాళ్లు వెనక చక్రానికి రెండు పక్కలా చెరో పళ్ల బిళ్ల పెట్టుకుని, కొండ కింద దిగి, మర విప్పి, చక్రాన్ని తిప్పి బిగించుకునేవారు. చలికి వేళ్లు కొయ్యబారినా అంతే. చైన్ని పక్కకి జరిపే డిరైలర్‌ని ఆ పందెంలో 1937లో గానీ రానివ్వలేదు. ఆ సంవత్సరమే రోజే లాపెబీ అనే ఆటగాడు దానితో గెలిచాడు. అన్నేళ్లు మనుషుల మోకాళ్లని అలా అరగదీయడం నాకు ఈనాటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

ఆ పట్టు ఇంకా పోలేదు. ఆదివారాలు కొత్తగా నేర్చుకునేవాళ్లతో సింహాచలం కొండ దారికి వెళ్తాను. మొన్న ఒక అమ్మాయి పెద్ద చైన్ వీల్ మీదే, మొహం కందిపోయి, నిలబడి తొక్కుతోంది.

"చిన్నదానికి మార్చుకో తల్లీ."

"చిన్నది వేస్తే చేతకానిదాన్నంటారు ఆంటీ."

దిగమన్నాను. రోడ్డు పక్కన సైకిల్ తలకిందులు చేసి, సుద్దముక్క చేతికిచ్చాను. ముందు అన్నిటికంటే చిన్నది 28 పళ్లు, వెనక అన్నిటికంటే పెద్దది 34. ఆ అమ్మాయి ఫోన్‌లో లెక్క కట్టింది. చక్రం 27 అంగుళాలు కాబట్టి, దాదాపు 22 అంగుళాలు వచ్చింది.

"చిన్నపిల్లల మూడుచక్రాల బండంత!" అంది.

మళ్లీ ఎక్కి నాకంటే ముందు వెళ్లింది. ఎత్తు మొదలు కాకముందే, కాళ్లు కాస్త వదులు చేసి, మీట నొక్కింది. చైన్ పక్క పళ్ల మీదకి జారిన చప్పుడు నాదాకా వినిపించింది.