పందెం ఎరగని పందెంకోడి

ఇద్దరు కావాలి ఆ పనికి. ఒకరు పుంజును ఒళ్ళో అదిమి పట్టుకుంటే, రెండోవాళ్ళు కత్తెర పదును చూసుకుంటారు. నెత్తిమీది తురాయి, గదవ కింద వేలాడే ఎర్రటి తోలు కచకచా తెగిపడతాయి. పిట్ట విలవిల్లాడుతుంది. వారాలు గడిచి గాయం మానేసరికి తల నున్నగా, పాముపడగలా తయారవుతుంది.

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో గేమ్ బాంటం అనే చిట్టి పందెంజాతి పుంజులకు ఈ కోత తప్పేది కాదు. బరిలో ఎదుటి పుంజు ముక్కుకు చిక్కకూడదని పూర్వం పందెగాళ్ళు పెట్టుకున్న ఆచారమది. కానీ 600 గ్రాములకు అటూ ఇటూగా తూగే ఈ చిట్టి పుంజు బరిలోకి దిగేదే కాదు. 1835లో వచ్చిన చట్టం కోడిపందేలను నిషేధించింది. చాటుమాటు పందేలు సాగినా, పరువు గల పెంపకందార్లు కోళ్ళను పంజరాల్లో పెట్టి చూపే ప్రదర్శనల వైపు మళ్ళారు. 1845లో లండన్ జంతు ప్రదర్శనశాలలో కోళ్ళ పోటీ పెట్టారు. ఆ తర్వాత లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగే పోటీలంటే దేశమంతా మోజు.

పంజరంలోకి వచ్చాక కోడి రూపమే మారిపోయింది. పొడుగాటి కాళ్ళు, నిటారు మెడ, ఒంటికి అతుక్కున్న ఈకలు, సన్నటి తోక. ఇవన్నీ చిట్టి ఒంట్లో ఇమడాలి. అందుకు అందరికంటే చిన్న పుంజును చిన్న పెట్టతో కలిపేవారు. పిల్లలు పెద్దగా ఎదగకూడదని గుడ్లను ఆలస్యంగా, వేసవి చివర్లో పొదిగించేవారు. ఒకే రక్తంలో మళ్ళీమళ్ళీ కలిపితే గుడ్లు మురిగిపోవడం, పిల్లలు నీరసించడం మామూలే. ఆ ఓపికకు నేను దణ్ణం పెడతాను. ఆ కత్తెరకు మాత్రం పెట్టను.

పోటీకి వారాల ముందే తర్ఫీదు మొదలయ్యేది. పంజరం పైకప్పు దగ్గర చిన్న మాంసం ముక్క పట్టుకుంటే పుంజు మునివేళ్ళ మీద లేచి మెడ సాచేది. న్యాయనిర్ణేత ముందు కూడా అలా సాచి నిలబడితేనే గెలుపు. ఈకలు మెరవాలని పట్టుగుడ్డతో నిమిరేవారు.

ఈ పనిలో ఆరితేరినవాడు యార్క్‌షైర్‌లోని వేక్‌ఫీల్డ్‌కు చెందిన విలియం ఫ్లామాంక్ ఎంట్‌విసిల్. ఆయన రాసిన 'బాంటమ్స్' పుస్తకం 1894లో వెలువడింది. మలే జాతి కోళ్ళకు చిట్టి రూపం తెచ్చిన ఆయన చూపు మన అసీల్ మీద కూడా పడింది. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరి తొక్కే ఆ అసీలే! నాలుగైదు కిలోల పుంజు, కండ తిరిగిన తొడ, చావనైనా చస్తుంది గానీ వెనక్కి తగ్గదు. దాన్ని చంకలో ఇమిడేంత చేయడమంటే తరం వెనక తరం ఏరుకుంటూ పోవాలి. పొట్టిగా పుట్టినదానికి ఆ ఛాతీ, ఆ చూపు ఉండవు. అవి ఉన్నదేమో పొట్టిగా ఉండదు. అయినా ఎంట్‌విసిల్ సాధించాడు. కొంతకాలం ఆ చిట్టి అసీల్‌కు మంచి గిరాకీ నడిచింది.

తర్వాత అది మాయమైపోయింది. అటువంటి పిట్టను ఏటా కనిపెట్టుకుని ఉండాలి. చేతులు మారి, శ్రద్ధ సడలితే కొద్ది తరాల్లోనే పెద్ద ఒళ్ళు తిరిగి వచ్చేస్తుంది, లేదా వంశమే ఆగిపోతుంది. 1980ల్లో బెల్జియంలో ఒక పెంపకందారు చిట్టి అసీల్‌ను మళ్ళీ మొదటినుంచీ తయారుచేసుకోవాల్సి వచ్చింది.